దేశం దాటితే ఓటీటీ జాబితా ఎందుకు మారిపోతుంది?

సంక్షిప్తంగా: సినిమా హక్కులను దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఓటీటీ యాప్‌లు కూడా దేశాన్ని బట్టే సినిమాలు చూపిస్తాయి. చూసే మనిషి ఎక్కడున్నాడో నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు, అంటే ఐపీ అడ్రస్ చెబుతుంది. అకౌంట్ ఏ దేశానిదో కార్డు, బిల్లింగ్ చిరునామా చెబుతాయి. వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్, ఐపీ అడ్రస్‌ను మాత్రమే మార్చగలదు. కొన్నాళ్లకు వెళ్లివచ్చే ప్రయాణికుడి సమస్య వేరు, విదేశంలో స్థిరపడినవాళ్ల సమస్య వేరు. యూరోపియన్ యూనియన్ మొదటి సమస్యను చట్టంతో చాలావరకు తీర్చింది.

నెలనెలా చందా కడుతున్న ఓటీటీ యాప్‌ను విదేశంలో తెరిస్తే, సగం చూసి ఆపిన సినిమా కనిపించదు. కొన్నిసార్లు కనిపిస్తుంది కానీ ప్లే నొక్కగానే ‘ఈ కంటెంట్ మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని వస్తుంది. నెట్ బాగానే ఉంటుంది, డబ్బు కట్టే ఉంటారు, పాస్‌వర్డ్ సరైనదే. అయినా చూడలేరు. చదువు కోసమో ఉద్యోగం కోసమో దేశం మారినవాళ్లలో చాలామందికి ఇది ఎదురవుతోంది. కస్టమర్ కేర్‌ను అడిగితే ‘లైసెన్స్ కారణాలు’ అన్న జవాబుతో సరిపెడతారు. ఆ జవాబు అబద్ధం కాదు, కానీ దాంతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. అసలు అడ్డు ఎక్కడుందో తెలియక వీపీఎన్ ఒకటి, కొత్త టీవీ బాక్స్ ఒకటి, రెండో చందా ఒకటి కొని డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

## మూలం: ఏరియాల వారీ అమ్మకం

కాపీరైట్ అనేది ఏ దేశానికి ఆ దేశపు చట్టం. 1886 నాటి బెర్న్ ఒప్పందం ఒక దేశపు రచనకు మిగతా సభ్య దేశాల్లోనూ రక్షణ ఇప్పించింది, అంతే. ప్రపంచమంతటికీ చెల్లే ఒకే కాపీరైట్ ఇప్పటికీ లేదు. అందువల్ల సినిమా హక్కును పొలానికి గెట్లు వేసి పంచినట్టు ముక్కలు చేసి అమ్మే వీలుంది. ఒక దేశంలో థియేటర్ హక్కులు ఒకరికి, అక్కడే శాటిలైట్ హక్కులు మరొకరికి, పక్క దేశంలో డిజిటల్ హక్కులు ఇంకో సంస్థకు.

ఇలా ముక్కలు చేయడం వెనక పెట్టుబడి లెక్క ఉంది. పెద్ద స్టూడియో అండ లేని నిర్మాతలు షూటింగ్ మొదలవకముందే కొన్ని దేశాల డిస్ట్రిబ్యూటర్లకు హక్కులు అమ్ముతారు. ఆ ఒప్పంద పత్రాలను చూపి బ్యాంకులో అప్పు తెస్తారు. సినిమా పూర్తయి చేతికి వచ్చాక డిస్ట్రిబ్యూటర్లు కట్టే డబ్బుతో ఆ అప్పు తీరుతుంది. డిస్ట్రిబ్యూటర్ డబ్బు పెట్టేది ఒకే ఒక్క హామీ చూసి: తన దేశంలో తాను తప్ప ఇంకెవరూ ఆ సినిమా చూపించకూడదు. అక్కడున్నవాళ్లు వేరే దేశపు యాప్‌లో అదే సినిమాను ముందే చూసేయగలిగితే ఆ హామీకి విలువ ఉండదు. ఆ హామీ లేకపోతే నిర్మాతకు అడ్వాన్సూ రాదు. అంటే చూసేవాడికి చిరాకు తెప్పిస్తున్న అడ్డు, చాలా చిన్న సినిమాలు పుట్టడానికి కారణమైన ఏర్పాటు కూడా. ఈ సంగతి వదిలేసి కంపెనీల అత్యాశ అని మాత్రమే చెబితే సగం నిజమే చెప్పినట్టు.

దేశంతో పాటు కాలాన్ని కూడా ముక్కలు చేస్తారు. ముందు థియేటర్, తర్వాత అద్దె లేదా కొనుగోలు, ఆ తర్వాత చందా ఓటీటీ, చివరగా ఉచిత టీవీ. ఈ వరుస, మధ్య గడువులు అన్ని దేశాల్లో ఒకేలా ఉండవు. ఒక దేశంలో ఓటీటీలోకి వచ్చేసిన సినిమా మరో దేశంలో ఇంకా థియేటర్ గడువులోనే ఉండవచ్చు.

‘ఒరిజినల్’ అన్న ముద్ర ఉన్నా పూర్తి భరోసా లేదు. 2013లో నెట్‌ఫ్లిక్స్ తన సొంత సిరీస్‌గా పెద్ద ఎత్తున ప్రచారం చేసుకున్న ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ నే తీసుకోవచ్చు. దాన్ని నిర్మించింది వేరే సంస్థ. విదేశీ హక్కులు చాలావరకు అప్పటికే విడిగా అమ్ముడయ్యాయి. 2014లో నెట్‌ఫ్లిక్స్ ఫ్రాన్స్‌లో అడుగుపెట్టేసరికి అక్కడ ఆ సిరీస్ హక్కులు పోటీ సంస్థ కెనాల్ ప్లస్ చేతిలో ఉన్నాయి. తనకు పేరు తెచ్చిపెట్టిన సిరీస్‌నే తన యాప్‌లో చూపించలేని పరిస్థితి అది.

## ఈ గోడలు ఇంటర్నెట్ కంటే పాతవి

డీవీడీల కాలంలో ఈ పని చేసినవి రీజియన్ కోడ్‌లు. డిస్క్ కోడ్, ప్లేయర్ కోడ్ కలిస్తేనే సినిమా ఆడేది. అమెరికా, కెనడాలది 1. పశ్చిమ యూరప్, జపాన్‌లది 2. ఆస్ట్రేలియా, లాటిన్ అమెరికాలది 4. భారత్, రష్యా, ఆఫ్రికాలో ఎక్కువ భాగం 5. చైనా 6. విమానాలకూ క్రూయిజ్ ఓడలకూ ప్రత్యేకంగా 8. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్‌ను సాధారణంగా 5 సార్లు మాత్రమే మార్చుకోనిచ్చేవారు, ఆ తర్వాత చివరిగా పెట్టిన దానికే అది బిగుసుకుపోయేది. బ్లూరే వచ్చాక ఆరు ప్రధాన ప్రాంతాలు ఏ, బీ, సీ అనే మూడుకు తగ్గాయి.

డిస్క్‌తో ఒక సౌకర్యం మాత్రం ఉండేది. డిస్క్‌నూ ప్లేయర్‌నూ రెండింటినీ పెట్టెలో పెట్టుకుని ఏ దేశమైనా వెళ్లవచ్చు, అక్కడా ఆడుతుంది. స్ట్రీమింగ్‌లో ఆ సౌకర్యం పోయింది. సినిమా ఉన్నది కంపెనీ సర్వర్‌లో. ప్లే నొక్కిన ప్రతిసారీ ‘ఇప్పుడు ఎక్కడి నుంచి?’ అన్న ప్రశ్నకు కొత్తగా జవాబు చెప్పుకోవాలి.

## ఎక్కడున్నారో యాప్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రపంచంలోని ఐపీ అడ్రస్‌లను ఐదు ప్రాంతీయ సంస్థలు పంచిపెడతాయి: ఉత్తర అమెరికాకు ఆరిన్, యూరప్, పశ్చిమాసియాలకు రైప్, ఆసియా పసిఫిక్‌కు ఏపీనిక్, లాటిన్ అమెరికాకు లాక్‌నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్. ఏ అడ్రస్‌ల గుంపు ఏ నెట్ కంపెనీకి వెళ్లిందో బహిరంగంగానే నమోదవుతుంది. దీని మీద ఆధారపడి మాక్స్‌మైండ్ లాంటి సంస్థలు ‘ఈ అడ్రస్ ఫలానా దేశానిది’ అనే డేటాబేస్‌లు తయారుచేసి అమ్ముతాయి. యాప్‌లు చూసేది వాటినే. దేశం స్థాయిలో ఇవి చాలావరకు సరిగ్గానే ఉంటాయి. కానీ అడ్రస్‌లు చేతులు మారినప్పుడు డేటాబేస్ పాతబడి, ఇంట్లో కూర్చుని చూస్తున్నవాడికి కూడా ‘మీరు వేరే దేశంలో ఉన్నారు’ అని రావచ్చు. అలాంటప్పుడు తప్పు యాప్‌లోనూ లేదు, ఫోన్‌లోనూ లేదు. నెట్ ఇచ్చే కంపెనీకి చెప్పి సరిచేయించుకోవాలి.

ఐపీతో కథ పూర్తి కాదు. అకౌంట్‌కు కూడా ఒక దేశం ఉంటుంది. కార్డు ఏ దేశపు బ్యాంకుది, బిల్లింగ్ చిరునామా ఏది, యాప్ స్టోర్ ఏ దేశానిది అన్నవి దాన్ని నిర్ణయిస్తాయి. ఒక్కో సర్వీస్ ఈ రెండింటినీ ఒక్కోలా కలుపుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో ఏ దేశపు అకౌంట్ అయినా, ప్రస్తుతం ఉన్న దేశపు జాబితా కనిపిస్తుంది. అమెజాన్ ప్రైమ్ వీడియోలో అకౌంట్ దేశానికి ప్రాధాన్యం ఎక్కువ, విదేశంలో ఉన్నప్పుడు పరిమితమైన జాబితా మాత్రమే తెరుచుకుంటుంది. బీబీసీ ఐప్లేయర్ బ్రిటన్ బయట ప్రసారమే చేయదు. 2016 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు కూడా దానికి టీవీ లైసెన్స్ ఉండాలి. కాబట్టి ‘ఓటీటీ విదేశంలో పనిచేస్తుందా?’ అన్న ప్రశ్నకు అన్నిటికీ కలిపి ఒకే జవాబు లేదు.

## వీపీఎన్ ఎంతవరకు?

వీపీఎన్ చేసే పని ఇది: ఫోన్ నుంచి వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేనట్టు మార్చి, వేరే దేశంలోని ఒక సర్వర్ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి బయటికి పంపుతుంది. యాప్‌కు కనిపించేది ఆ సర్వర్ ఐపీ. స్మార్ట్ డీఎన్ఎస్ అనే ఇంకో పద్ధతి ఉంది. అది లొకేషన్ పరీక్షకు సంబంధించిన అభ్యర్థనలను మాత్రమే దారి మళ్లిస్తుంది, దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు. అందుకే వేగంగా ఉంటుంది, కానీ గోప్యత ఏమీ ఉండదు.

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఒకేసారి 130 కొత్త దేశాల్లో సేవలు మొదలుపెట్టింది. కొద్దిరోజులకే, అదే నెలలో, దేశం అడ్డు దాటించే ప్రాక్సీలనూ అన్‌బ్లాకర్లనూ అడ్డుకుంటామని ప్రకటించింది. ఈ రెండు ప్రకటనలూ వెంటవెంట రావడం సహజమే. దేశదేశానా హక్కులు కొంటున్న కంపెనీ, అమ్మేవాళ్లకు గెట్లు కాపాడతానని మాట ఇవ్వక తప్పదు.

వీపీఎన్‌ను పట్టుకునే పద్ధతి అంత కష్టమైనది కాదు. ఇంటి కనెక్షన్ల ఐపీలు టెలికాం కంపెనీల పేర, వీపీఎన్ సర్వర్ల ఐపీలు చాలావరకు డేటా సెంటర్ల పేర ఉంటాయి. ఒకే అడ్రస్ నుంచి వందలాది అకౌంట్లు సినిమాలు చూస్తుంటే అది ఇల్లు కాదని తేలిపోతుంది. నిన్న పనిచేసిన సర్వర్ ఈరోజు పనిచేయకపోవడానికి కారణం ఇదే. దీన్ని దాటడానికి కొన్ని ఉచిత వీపీఎన్‌లు మరీ ప్రమాదకరమైన దారి పట్టాయి: తమ యాప్ వేసుకున్నవాళ్ల ఇంటి కనెక్షన్లనే ఇతరులకు బయటి ద్వారంగా వాడుకుంటాయి. అప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ ఇంటి ఐపీ మీదుగా ఏం చేసినా, జాడ ఆ ఇంటికే వస్తుంది. ఒక్క సినిమా కోసం ఇంత ప్రమాదం తలకెత్తుకోవడం అర్థంలేని పని.

చట్టం సంగతికి వస్తే, చాలా దేశాల్లో వీపీఎన్ వాడటం నేరం కాదు. ఓటీటీ నిబంధనలను ఉల్లంఘించడం మాత్రం అవుతుంది. అన్ని చోట్లా పరిస్థితి ఇలాగే ఉండదు. చైనాలో ప్రభుత్వ అనుమతి ఉన్నవాటినే వాడాలి. యూఏఈలో నేరం చేయడానికో, దాన్ని దాచడానికో ఐపీ అడ్రస్‌ను మార్చి వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా విధించే చట్టం ఉంది. ఉంటున్న దేశపు చట్టం చూసుకోకుండా ఇంకొకరి సలహాతో వీపీఎన్ వేసుకోకూడదు.

## యూరప్ ఏం చేసింది?

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పబ్ నడిపే కేరెన్ మర్ఫీ, ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూపించడానికి గ్రీస్ నుంచి తెప్పించిన డీకోడర్ కార్డు (చందా టీవీ ప్రసారాన్ని తెరిచే కార్డు) వాడారు. అక్కడి చందా చవక. కేసు యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది. యూరోపియన్ యూనియన్‌లోని ఒక సభ్య దేశపు డీకోడర్ కార్డును మరో సభ్య దేశంలో వాడకుండా నిషేధించడం, సేవలు స్వేచ్ఛగా అందించే హక్కుకు విరుద్ధమని 2011 అక్టోబరులో తీర్పు వచ్చింది. అయితే ప్రసారంలోని గ్రాఫిక్స్, సంగీతం లాంటి కాపీరైట్ భాగాలను పబ్‌లో నలుగురికీ చూపించడానికి అనుమతి కావాలని కూడా కోర్టు అన్నది. పూర్తి విజయం ఎవరికీ దక్కలేదు.

అసలు మార్పు 2018 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు నుంచి అమల్లో ఉన్న పోర్టబిలిటీ నిబంధన ప్రకారం, చందా కట్టిన మనిషి తాత్కాలికంగా మరో సభ్య దేశానికి వెళ్తే, సొంత దేశంలో కనిపించే జాబితానే అక్కడా కనిపించాలి. అదనంగా డబ్బు అడగకూడదు. డివైజ్‌ల సంఖ్య తగ్గించకూడదు. ఇందులో మెచ్చుకోవలసింది దాని చట్టపరమైన కూర్పు. ప్రయాణికుడు ఎక్కడ కూర్చుని చూసినా, ఆ చూడటం అతని నివాస దేశంలోనే జరిగినట్టు చట్టం లెక్కిస్తుంది. దాంతో ఏ డిస్ట్రిబ్యూటర్ హక్కుకూ భంగం కలగలేదు, ఏ ఒప్పందాన్నీ తిరగరాయాల్సిన పని పడలేదు. గోడలు అలాగే ఉన్నాయి, మనిషి తన హక్కును వెంట తీసుకుని గోడ దాటుతున్నాడు. చందా మొదలైనప్పుడు, రెన్యువల్ అయినప్పుడు గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు, బిల్లుల లాంటి ఆధారాలతో నివాస దేశాన్ని సరిచూస్తారు.

పరిమితులూ ఉన్నాయి. ఉచిత సర్వీసులకు ఇది తప్పనిసరి కాదు. ‘తాత్కాలికం’ అంటే ఎన్ని రోజులో నిబంధనలో రాయలేదు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి బ్రిటన్‌కు ఇది వర్తించదు. ఇల్లు మార్చి మరో దేశంలో స్థిరపడినవాళ్లకు ఇది ఏ సాయమూ చేయదు, ఎందుకంటే వాళ్ల నివాస దేశమే మారిపోయింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో దేశాన్ని బట్టి వివక్ష చూపవద్దంటూ 2018లోనే తెచ్చిన మరో నిబంధన నుంచి సినిమాలు, టీవీ సర్వీసులను మినహాయించారు. ఏరియా అమ్మకాల జోలికి వెళ్లడానికి యూరప్ కూడా వెనకాడింది.

## కొన్న సినిమా కూడా సరిహద్దు దగ్గర ఆగవచ్చు

చందా కాకుండా డిజిటల్‌గా ‘కొన్న’ సినిమాల విషయంలో నిరాశ ఇంకా ఎక్కువ. కొనుగోలు బటన్ నొక్కినప్పుడు దక్కేది ఫైల్ మీద యాజమాన్యం కాదు, ఫలానా దేశపు స్టోర్ ద్వారా చూసే లైసెన్స్. ఆపిల్ అకౌంట్‌లో దేశం మార్చాలంటే ముందు బ్యాలెన్స్ ఖర్చుచేయాలి, చందాలు రద్దుచేసుకోవాలి, కొత్త దేశపు కార్డు ఇవ్వాలి. మారిన తర్వాత, కొత్త దేశపు స్టోర్‌లో లేని పాత కొనుగోళ్లు మళ్లీ డౌన్‌లోడ్ కాకపోవచ్చు. అందుకే మార్చకముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. దేశం మారే హడావిడిలో చేతికి రాగానే కొత్త కార్డు పెట్టి దేశం మార్చేసేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

## హక్కు ఉన్నా బొమ్మ మసకగా ఎందుకు?

కొన్నిసార్లు అడ్డు హక్కులది కాదు, దూరానిది. పెద్ద ఓటీటీలు సినిమా కాపీలను చూసేవాళ్లకు దగ్గరగా, స్థానిక నెట్ కంపెనీల కేంద్రాల్లోనే పెడతాయి. నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ కనెక్ట్ అలాంటి ఏర్పాటే. ఒకే దేశం మీద దృష్టిపెట్టిన చిన్న సర్వీసులకు విదేశాల్లో అలాంటి కేంద్రాలు తక్కువ, డేటా సముద్రాలు దాటి రావాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. 10,000 కిలోమీటర్ల దూరానికి వెళ్లిరావడానికే కనీసం 100 మిల్లీసెకన్లు. ఈ ఆలస్యంతోనే సినిమా ఆగిపోదు. కానీ దారిలో ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతే మళ్లీ అడిగి తెప్పించుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, వేగం పడిపోతుంది.

వీపీఎన్ పెడితే ఇది ఇంకా పెరుగుతుంది. యాప్ తన కాపీని వీపీఎన్ సర్వర్ ఉన్న చోటికి దగ్గరగా ఎంచుకుంటుంది. పక్క వీధి కేంద్రంలో ఆ సినిమా సిద్ధంగా ఉన్నా, డేటా మాత్రం వేరే ఖండం చుట్టి వస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ సిఫారసు ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ చాలు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా బొమ్మ మసకగా ఉంటే డీఆర్ఎం వైపు, అంటే సినిమాను కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ వైపు చూడాలి. వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థలో ఎల్1 స్థాయి ఉన్న పరికరాలకే సాధారణంగా హెచ్‌డీ ఇస్తారు. ఎల్3 మాత్రమే ఉన్న చవక బాక్సులకు నెట్ ఎంత వేగంగా ఉన్నా మామూలు నాణ్యతే వస్తుంది. దీనికి నెట్ ప్లాన్ పెంచడం దండగ.

## ఎవరికి ఏ దారి?

కొద్ది వారాలకు వెళ్లేవాళ్లకు డౌన్‌లోడ్ ఉత్తమం. బయల్దేరకముందే చేసుకోవాలి. కొన్ని సినిమాలు ప్లే మొదలుపెట్టిన 48 గంటల్లో గడువు తీరిపోతాయి, కొన్ని దేశం మారాక ఆడవు. అందుకే ఒకే సర్వీస్ మీద ఆధారపడకపోవడం మంచిది.

స్థిరపడేవాళ్లకు పాత అకౌంట్‌ను పట్టుకు వేలాడటం కంటే కొత్త దేశంలో కొత్తగా మొదలుపెట్టడమే సులువు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే పాత చందా రద్దు చేసి, కట్టిన గడువు పూర్తయ్యాక కొత్త దేశంలో మళ్లీ మొదలుపెట్టాలి. ఇంటి దగ్గర తల్లిదండ్రుల అకౌంట్ వాడుకునే పద్ధతి 2023 నుంచి కష్టమైంది. ఒకే ఇంటి నెట్ కనెక్షన్ మీద ఉన్నవాళ్లనే నెట్‌ఫ్లిక్స్ ఒక కుటుంబంగా లెక్కిస్తోంది. వేరే దేశంలో ఉన్న బిడ్డ ఎంత దగ్గరివాడైనా ఆ లెక్కలోకి రాడు. కుటుంబాలు దేశాల మధ్య విడిపోయి బతుకుతున్న కాలంలో ఈ నిర్వచనం చాలా ఇరుకైనది.

భాష విషయంలో ఒక చిన్న కిటుకు పనిచేస్తుంది. చాలా యాప్‌లు ఆడియో, సబ్‌టైటిల్ భాషలను ప్రాంతాన్ని బట్టి కొన్నిటినే చూపిస్తాయి. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో భాష మారిస్తే దాగి ఉన్నవి బయటికి వస్తాయి. హక్కులు లేక రాలేదనుకున్న సబ్‌టైటిల్స్ ఇలా దొరికిన సందర్భాలు తక్కువేమీ కాదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో పబ్లిక్ లైబ్రరీ లేదా యూనివర్సిటీ సభ్యత్వంతో కనోపీ లాంటి సర్వీసుల్లో ఉచితంగా సినిమాలు చూడవచ్చు, ఆ లైబ్రరీ దానికి చందా కట్టి ఉండాలి. కొత్తగా వెళ్లినవాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

సొంత పెళ్లి వీడియోలు, పిల్లల వీడియోలకు ఏ ఏరియా హక్కుల గొడవా లేదు. ప్లెక్స్, జెల్లీఫిన్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఇంటి కంప్యూటర్ నుంచే వాటిని ఎక్కడికైనా ప్రసారం చేసుకోవచ్చు. అక్కడ చూడాల్సింది ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ వేగం. కంపెనీ సర్వర్ మీద ఆధారపడే పరికరాల విషయంలో జాగ్రత్త పడాలి. ఇంటి టీవీని ఎక్కడి నుంచైనా చూసే వీలు కల్పిస్తూ 2005లో వచ్చిన స్లింగ్‌బాక్స్, 2022 నవంబరులో కంపెనీ సర్వర్లు ఆపేయగానే పనిచేయడం మానేసింది.

## ముందు ఏం మారవచ్చు?

స్టూడియోలు 2019 తర్వాత సొంత ఓటీటీలు పెట్టుకుని, తమ సినిమాల హక్కులను బయటివాళ్లకు అమ్మకుండా అట్టిపెట్టుకోవడం మొదలుపెట్టాయి. ప్రపంచ హక్కులన్నీ ఒకే చేతిలో ఉన్న సినిమాకు దేశాల తేడా ఉండనక్కర్లేదు. అలాంటివి పెరిగే కొద్దీ ప్రయాణికుల ఇబ్బంది కొంత తగ్గుతుంది. కానీ చందాల సంఖ్య పెరుగుతుంది, ముందస్తు అమ్మకాల మీద బతికే స్వతంత్ర సినిమాలకు పాత గోడలే మిగులుతాయి. వాటికి యూరప్ తరహా పోర్టబిలిటీయే సరైన మందు: నిర్మాత పెట్టుబడి చెదరకుండా, చందాదారు చూసే హక్కు పోకుండా రెండూ నిలిచే ఏర్పాటు అది. వేరువేరు దేశాలు పరస్పరం ఒప్పుకుంటే యూరప్ బయట కూడా ఇది సాధ్యమే. నివాస దేశాన్ని నిర్ధారించే పద్ధతులు, కట్టిన డబ్బు ఎవరికి చేరుతుందన్న లెక్కలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అలాంటి ఒప్పందం కుదిరినా లాభపడేది తిరిగి ఇంటికి వెళ్లే ప్రయాణికులే. స్థిరపడినవాళ్ల కోసం అక్కడి సంస్థలు విడిగా హక్కులు కొనాలి. ఒక భాష సినిమాలకు ఒక దేశంలో చందా కట్టే ప్రేక్షకులు ఎంతమంది ఉన్నారన్నదే ఆ కొనుగోలును నిర్ణయిస్తుంది.